మగపిల్లలకూ హెచ్‌పీవీ టీకా: వేయించండి, వరుస మాత్రం తప్పకండి

"వాడికెందుకండీ ఆ సూది? వాడికేమన్నా గర్భసంచి ఉందా?" హెచ్‌పీవీ టీకా ప్రస్తావన రాగానే తల్లిదండ్రుల నోటి నుంచి మొదట వచ్చే ప్రశ్న ఇది. అడిగినవారిని తప్పుపట్టలేం. 2008లో మన దేశంలోకి వచ్చినప్పటి నుంచి ఈ టీకాను 'సర్వైకల్ క్యాన్సర్ టీకా' అనే చెబుతూ వచ్చారు. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ను ఆపడమే దీని పెద్ద పని కూడా. అయితే ఆ క్యాన్సర్‌కు మూలమైన హ్యూమన్ పాపిలోమా వైరస్ ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ ఒకేలా చేరుతుంది. చర్మానికి చర్మం తగిలినప్పుడు, ముఖ్యంగా లైంగిక సంపర్కంలో, ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది.

2023లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ప్రపంచంలో 15 ఏళ్లు దాటిన మగవారిలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరి జననాంగాల్లో ఏదో ఒక రకం హెచ్‌పీవీ ఉంది. క్యాన్సర్‌కు దారితీయగల రకాలు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఉన్నాయి. వీరిలో చాలామందికి ఏ బాధా తెలియదు. శరీరమే ఒకటి రెండేళ్లలో వైరస్‌ను వదిలించుకుంటుంది. అలా వదలకుండా ఏళ్ల తరబడి లోపలే ఉండిపోయిన కొద్దిమందిలో మలద్వారానికి, పురుషాంగానికి, గొంతులో టాన్సిల్స్ దగ్గర, నాలుక మొదట్లో క్యాన్సర్ రావచ్చు. మలద్వార క్యాన్సర్లలో పదింట తొమ్మిదింటికి ఈ వైరసే కారణం. పురుషాంగ క్యాన్సర్లలో సుమారు సగం దీనివల్లే. ఇవి కాక జననాంగాల మీద పులిపిర్లు వస్తాయి. అవి ప్రాణం తీయవు. మనిషిని సిగ్గుతో, భయంతో కుంగదీస్తాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో, 2019లో హెచ్‌పీవీ వల్ల ఆడవారిలో 6,20,000 క్యాన్సర్లు, మగవారిలో 70,000 క్యాన్సర్లు వచ్చాయి. నేను చెప్పదలచినదంతా ఈ రెండు అంకెల్లోనే ఉంది. డెబ్బై వేలు చిన్న సంఖ్య కాదు కాబట్టి మగపిల్లలకూ టీకా కావాలి. ఆరు లక్షల ఇరవై వేలు దానికి దాదాపు తొమ్మిది రెట్లు కాబట్టి ఆడపిల్లల డోసు ముందు పడాలి. కొడుక్కి వేయించడం కోసం కూతురిని ఆపే పరిస్థితి ఏ ఇంట్లోనూ రాకూడదు.

చేయవలసినవి

ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ముందు అమ్మాయి డోసులు పూర్తి చేయించండి. డబ్బు ఇద్దరికీ సరిపోతే ఒకేరోజు తీసుకెళ్లండి. సరిపోకపోతే వరుస స్పష్టం. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1,27,000 మంది స్త్రీలకు కొత్తగా సర్వైకల్ క్యాన్సర్ వస్తోంది, దాదాపు 80,000 మంది దానితో చనిపోతున్నారు. మొదటి రక్షణ అక్కడే ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలను మొదటి గుంపుగా, మగపిల్లలను వీలునుబట్టి తర్వాతి గుంపుగా పెట్టింది. ఆడపిల్లలకు ప్రభుత్వం తరఫున ఉచితంగా వేసే ఏర్పాటు ఉందేమో మీ ఏఎన్‌ఎంను గానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ అడగండి. అక్కడ దొరికితే ఆ మిగిలిన డబ్బు అబ్బాయి టీకాకు పనికొస్తుంది.

అబ్బాయికి 9 నుంచి 14 ఏళ్ల మధ్యే వేయించండి. వైరస్ ఒంట్లోకి చేరకముందు వేస్తేనే టీకాకు పూర్తి ఫలితం. ఆ వయసులో శరీరం యాంటీబాడీలను కూడా బలంగా తయారుచేస్తుంది. అందుకే 15 నిండనివారికి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు చాలు. 15 నిండితే మూడు డోసులు కావాలి: మొదటిది, ఒకటి రెండు నెలలకు రెండోది, ఆరో నెలలో మూడోది. ముందే వేయిస్తే ఒక సూది తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. పదేళ్లకు ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా టీడీ టీకా ఎలాగూ వేయించాలి. అదేరోజు రెండో చేతికి ఇది కూడా వేయించవచ్చు. మధ్యలో పరీక్షలో, ప్రయాణాలో వచ్చి డోసు ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఆగినచోటి నుంచి కొనసాగిస్తారు.

మన దేశంలోనే తయారయ్యే హెచ్‌పీవీ టీకా సెర్వావాక్‌ను పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ చేసింది. 2022 జులైలో దానికి అనుమతి వచ్చింది. 6, 11, 16, 18 అనే నాలుగు రకాల వైరస్‌ల మీద అది పనిచేస్తుంది. మార్కెట్‌లోకి వచ్చినప్పుడు డోసు ధర 2,000 రూపాయల దగ్గర ఉంది. తొమ్మిది రకాలను అడ్డుకునే గార్డసిల్ 9 దానికి కొన్ని రెట్ల ఖరీదు. "ఖరీదైనది వేయిస్తేనే మంచిదా?" అని అడుగుతుంటారు. సర్వైకల్ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. జననాంగాల పులిపిర్లలో దాదాపు 90 శాతం 6, 11 రకాల వల్ల వస్తాయి. మగవారిలో హెచ్‌పీవీ తెచ్చే క్యాన్సర్లలోనూ 16వ రకానిదే పెద్ద వాటా. డబ్బు కూడేవరకు ఆగుదామని ఖరీదైన దానికోసం మూడేళ్లు వాయిదా వేయడం కంటే, అందుబాటులో ఉన్నది సమయానికి వేయించడమే తెలివైన పని. ఏ టీకాను ఏ వయసు అబ్బాయిలకు అనుమతించారో కొనేముందు పిల్లల డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి.

వాడికి కారణం చెప్పండి. పదకొండేళ్ల పిల్లవాడికి లైంగిక విషయాలన్నీ విప్పి చెప్పనవసరం లేదు. "పెద్దయ్యాక కొన్ని రకాల క్యాన్సర్లు రాకుండా వేసే టీకా ఇది, నీకూ మంచిది, రేపు నీతో జీవితం పంచుకునే మనిషికీ మంచిది" అంటే చాలు, అర్థం చేసుకుంటాడు. ఈ రెండో మాట కొత్తగా, విడ్డూరంగా అనిపించవచ్చు. నిజానికి మన మగపిల్లలు ఆ పని ఇదివరకే చేశారు. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడుల్లో మీజిల్స్-రుబెల్లా టీకా కార్యక్రమం జరిగింది. తొమ్మిది నెలల పసివాడి నుంచి పదిహేనేళ్లలోపు పిల్లల వరకు, ఆడా మగా తేడా లేకుండా అందరికీ వేశారు. రుబెల్లా మగపిల్లవాడికి వస్తే రెండు మూడు రోజులు దద్దుర్లు, కాస్త జ్వరం, అంతే. అది గర్భిణికి అంటితే కడుపులో బిడ్డకు చూపు, వినికిడి పోవచ్చు, గుండెలో లోపం రావచ్చు. అంటే ఎక్కడో పుట్టబోయే బిడ్డ కోసం ప్రతి ఇంటి అబ్బాయీ చెయ్యి చాపాడు. అప్పుడు "మా వాడికెందుకు?" అనే ప్రశ్న పెద్దగా రాలేదు.

హెపటైటిస్ బి మరో ఉదాహరణ. అదీ లైంగిక సంపర్కం వల్ల, రక్తం ద్వారా అంటుకునే వైరసే. అదీ క్యాన్సర్ తెస్తుంది, కాలేయానికి. పుట్టిన 24 గంటల్లోపే బిడ్డకు ఆ టీకా వేస్తున్నారు. "ఇది ఏ రోగానికి, ఎలా వస్తుంది?" అని ఏ తాతయ్యా నొసలు చిట్లించడు. ఇన్ని టీకాల మధ్య హెచ్‌పీవీ ఒక్కదానికే సిగ్గును తగిలించి పక్కన పెట్టడంలో న్యాయం లేదు.

వేసేచోట నాలుగు సంగతులు చూసుకోండి. ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకడితే పనికిరాదు. కాబట్టి మందుల షాపులో కొని సంచిలో వేసుకుని ఎండలో తిరగకండి. ఫ్రిజ్‌లో నిల్వ ఉంచిన ఆసుపత్రిలోనే వేయించండి. డబ్బా మీద పేరు, గడువు తేదీ చదవండి. వాడికి ఈస్ట్ పడదని, ఇంతకుముందు ఏదైనా టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చిందని తెలిస్తే ముందే చెప్పండి. ఒళ్లు కాలే జ్వరం ఉంటే తగ్గాక వెళ్లండి. చిన్న జలుబుకు ఆగక్కర్లేదు. సూది వేశాక పావుగంట కూర్చోబెట్టండి. ఆ వయసు పిల్లల్లో కొందరికి కళ్లు తిరుగుతాయి, నిలబడి ఉంటే పడి తలకు దెబ్బ తగులుతుంది. మగపిల్లలు భయాన్ని దాచుకుంటారు, అందుకే వాళ్లను ఇంకా జాగ్రత్తగా చూడాలి. "మగాడివి, సూదికి భయమేంట్రా" అని మాత్రం అనకండి. చెయ్యి నొప్పి, కొద్దిపాటి జ్వరం, తలనొప్పి ఒకటి రెండు రోజుల్లో పోతాయి. టీకా కార్డు మీద బ్యాచ్ నంబరు, తేదీ రాయించుకుని భద్రపరచండి.

26 దాటినవారు డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి. పెళ్లయి, నలభైకి దగ్గరపడిన మగవారు "నేనూ వేయించుకోనా?" అని అడుగుతున్నారు. అమెరికాలో 45 ఏళ్ల వరకు అనుమతి ఉంది. కానీ 26 దాటిన అందరూ వేయించుకోవాలని అక్కడ కూడా చెప్పడం లేదు. ఆ వయసుకు చాలామందికి వైరస్ ఎప్పుడో తగిలి ఉంటుంది కాబట్టి లాభం తగ్గుతుంది. ఆ డబ్బుతో భార్యకు సర్వైకల్ క్యాన్సర్ పరీక్ష చేయించడం మేలు. ఇందులో రెండు మినహాయింపులున్నాయి. హెచ్‌ఐవీ ఉన్నవారు, అవయవ మార్పిడి వల్లో ఇతర జబ్బుల వల్లో రోగనిరోధక శక్తి తగ్గినవారు వయసుతో పనిలేకుండా డాక్టర్‌ను అడగాలి. పిల్లలైనా సరే వీరికి సాధారణంగా మూడు డోసులు వేస్తారు. ఇక పురుషులతో సంబంధాలున్న పురుషులు. ఆడపిల్లలకు టీకా వేసినందువల్ల చుట్టుపక్కలకు దక్కే రక్షణ వీరికి దక్కదు. ఆస్ట్రేలియాలో 2007లో ఆడపిల్లలకు టీకా మొదలుపెట్టాక, 2011 నాటికి స్త్రీలతో సంబంధాలున్న 21 ఏళ్లలోపు యువకుల్లో పులిపిర్లు 80 శాతానికి పైగా తగ్గాయి. పురుషులతో సంబంధాలున్న పురుషుల్లో అలాంటి తగ్గుదల కనపడలేదు. ఆస్ట్రేలియా 2013లో మగపిల్లలనూ చేర్చడానికి ఇదొక బలమైన కారణం. బ్రిటన్‌లో 2019 సెప్టెంబరు నుంచి బడి వయసు మగపిల్లలకూ ఇస్తున్నారు. పురుషులతో సంబంధాలున్న పురుషులను మన డాక్టర్లు తీర్పులు చెప్పకుండా ఆ సంగతి అడగాలి, వారూ దాచకుండా చెప్పగలగాలి.

తల్లికి, భార్యకు పరీక్ష చేయించండి. మగవారిలో హెచ్‌పీవీని తేల్చడానికి మామూలుగా వాడే ఆమోదిత పరీక్ష ఏదీ లేదు. ఆడవారికి ఉంది. 30 దాటిన ప్రతి స్త్రీకి హెచ్‌పీవీ పరీక్ష, అది లేనిచోట పాప్ స్మియర్ లేదా వెనిగర్ లాంటి ద్రావణం పూసి చూసే వీఐఏ పరీక్ష చేయించాలి. టీకా వేయించుకున్న ఆడపిల్ల కూడా ఆ వయసుకు వచ్చాక ఈ పరీక్ష మానకూడదు. క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ముందే పట్టుకుంటే చిన్న చికిత్సతో ఆగిపోతుంది.

చేయకూడనివి

పరీక్షలో హెచ్‌పీవీ కనపడిందని భార్యను అనుమానించకండి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోమంటాను. రిపోర్టులో 'పాజిటివ్' అని చూడగానే ఇంట్లో పెద్ద గొడవ మొదలవుతుంది. "ఎవరి దగ్గర తెచ్చుకున్నావ్?" అన్న ప్రశ్నకు ఆ రిపోర్టు జవాబు చెప్పదు. వైరస్ ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా తేల్చదు. పెళ్లయిన కొత్తలో భర్త నుంచే చేరి, ఏళ్ల తరబడి ఆచూకీ లేకుండా ఉండి, ఇప్పుడు బయటపడి ఉండవచ్చు. మొదటే చెప్పినట్టు మగవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఇది ఉంది, వారిలో చాలామందికి ఆ సంగతి తెలియదు. పరీక్ష చేయించుకుంటే కాపురం ఏమవుతుందోనన్న భయంతో ఆడవాళ్లు పరీక్షే మానుకుంటే, ఆ భయం వారి ప్రాణాల మీదికి వస్తుంది. రిపోర్టు తీసుకుని భర్త కూడా డాక్టర్ దగ్గరికి వెళ్లి పక్కన కూర్చోవాలి.

టీకాను మందు అనుకోకండి. ఉన్న వైరస్‌ను ఇది తీసేయదు, వచ్చిన పులిపిర్లను మాన్పదు, ముదిరిన జబ్బును వెనక్కి తిప్పదు. జననాంగాల దగ్గర పులిపిర్లు వస్తే సున్నం, సోడా పూయడం, వెంట్రుకతో బిగించి కట్టడం, బ్లేడుతో కోసుకోవడం చేయకండి. పుండు పడి ఇన్ఫెక్షన్ వస్తుంది. చర్మ వైద్యుడికి చూపించండి, సిగ్గుపడేదేమీ లేదు. చేతుల మీద, మెడ మీద వచ్చే మామూలు పులిపిర్లు వేరే రకాలవి. వాటికీ ఈ క్యాన్సర్లకూ సంబంధం లేదు.

టీకా ఉంది కదా అని గుట్కా, ఖైనీ, చుట్ట వదలకుండా ఉండకండి. మన దగ్గర నోటి క్యాన్సర్లలో ఎక్కువ భాగం పొగాకు, వక్క వల్ల వచ్చేవే. శ్రీకాకుళం, విశాఖ తీరగ్రామాల్లో చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటుంది, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్లలో. దానివల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్‌ను ఏ టీకా ఆపదు. కండోమ్ విషయమూ అంతే. అది హెచ్‌పీవీని పూర్తిగా అడ్డుకోకపోయినా ముప్పు తగ్గిస్తుంది, హెచ్‌ఐవీ, సిఫిలిస్ లాంటివాటి నుంచి కాపాడుతుంది. టీకా వేయించుకున్నంత మాత్రాన దాన్ని పక్కన పడేయకూడదు.

వాట్సాప్‌లో వచ్చినదాన్ని నమ్మి ఆపేయకండి. "పిల్లలు పుట్టరట", "మగతనం పోతుందట" అన్న మాటలు తిరుగుతున్నాయి. వీటికి ఆధారం లేదు. ఈ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. వైరస్ పైతొడుగును పోలిన ప్రోటీన్ మాత్రమే ఉంటుంది. కాబట్టి దానివల్ల హెచ్‌పీవీ రాదు. మగవారి మీద విడిగా పరీక్షించి చూడలేదన్న మాటా సరికాదు. 18 దేశాల్లో 4,065 మంది అబ్బాయిలు, యువకుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. డోసులన్నీ సరిగా తీసుకున్నవారిలో, టీకాలో ఉన్న రకాలవల్ల బయటి జననాంగాల మీద వచ్చే పులిపిర్లు, మచ్చల వంటివాటిని అది 90 శాతం వరకు ఆపింది. పుకార్ల ధర ఎంతో జపాన్‌ను చూస్తే తెలుస్తుంది. 2013లో దుష్ప్రభావాల గురించి భయాలు వ్యాపించగా అక్కడి ప్రభుత్వం ఈ టీకాను సిఫారసు చేయడం ఆపింది. 70 శాతం దగ్గరున్న టీకా వాడకం ఒక శాతం లోపుకు పడిపోయింది. మళ్లీ పూర్తిగా సిఫారసు చేసేసరికి 2022 వచ్చింది. ఆ తొమ్మిదేళ్లలో ఎదిగిన ఆడపిల్లలు రక్షణ లేకుండా మిగిలిపోయారు.

తెలుసుకోకుండా సంతకం పెట్టకండి, మీ బదులు ఇంకెవరినీ పెట్టనివ్వకండి. ఈ మాటకు తెలుగు నేల మీదే ఒక చేదు కారణం ఉంది. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి పరిశీలన పథకంగా ఈ టీకా వేశారు. వారిలో చాలామంది గిరిజన పిల్లలు, ఎందరో ఆశ్రమ హాస్టళ్లలో ఉండి చదువుకునేవారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో పథకాన్ని ఆపేశారు. ఆ మరణాలు టీకావల్ల జరిగినవి కావని విచారణ తేల్చింది. కానీ మరో సంగతి బయటపడింది. తల్లిదండ్రులు పెట్టాల్సిన అంగీకార పత్రాల మీద చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే అయినా, అడగకుండా వేయడంతో ప్రజల నమ్మకం పోయింది. తెలుగు ఇళ్లలో ఈ టీకా పేరు చెప్పగానే వచ్చే జంకులో ఆ రోజుల వాటా ఉంది. రేపు మీ అబ్బాయి బడిలో వేస్తామంటే ఏ టీకా, ఎన్ని డోసులు, ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకుని, అప్పుడు సంతకం పెట్టండి. అలా అడగడం తల్లిదండ్రుల హక్కు, దాన్ని టీకాకు అడ్డు చెప్పినట్టుగా బడివాళ్లు తీసుకోకూడదు.

టీకాను పెళ్లి సంబంధాల్లో కొలబద్దగా వాడకండి. "వేయించారా, అంటే ఏదో ఉన్నట్టే కదా" అనే మాటలు అప్పుడే వినిపిస్తున్నాయి. పోలియో చుక్కలు వేయించిన బిడ్డను ఎవరూ అలా అనలేదు.

చివరిగా తండ్రులకు ఒక మాట. పిల్లల టీకాలన్నీ తల్లి పని అని ఇన్నాళ్లూ వదిలేశాం. ఈ టీకా విషయంలో మీరు ముందుకు రండి. కూతురి డోసులు పూర్తయ్యాయో లేదో కార్డు తీసి చూడండి. పూర్తయితే, కొడుక్కి 15 ఏళ్లు నిండకముందే వాణ్ణి మీరే స్వయంగా పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.